పేరు చెరిగిన బుల్లెట్ అచ్చు: తయారీదారును తేల్చే పని, ప్రాజెక్టు డైరీ

మార్చి, మొదటి శనివారం

కనెటికట్‌లో మేముండే ఊరి పక్కన వారాంతాల్లో జరిగే పాత సామాన్ల సంతలో, పళ్లరిగిన ఆకురాళ్లు, వంగిన స్పానర్లు పోసి ఉంచిన ఒక రేకు డబ్బాలో, బుల్లెట్లు పోసే అచ్చు ఒకటి దొరికింది. కజ్జికాయల అచ్చులా ఒకదాని మీదకు ఒకటి మూసుకునే రెండు ఇనుప దిమ్మెలు, వాటిని తెరిచి మూయడానికి చెక్క తొడుగులున్న రెండు పిడులు, దిమ్మెల నెత్తిన ఒక మర చుట్టూ పక్కకు తిరిగే పలక, ఇంతే దాని నిర్మాణం. పలకలోని రంధ్రం గుండా కరిగిన సీసం పోస్తే లోపలి గుంట నిండుతుంది. సీసం గట్టిపడ్డాక పలకను పక్కకు కొడితే పైన మిగిలిన ముద్ద తెగిపోతుంది. దీన్ని స్ప్రూ ప్లేటు అంటారు. బాలానగర్ టూల్‌రూముల్లో పనిచేసి వచ్చిన నాకు అచ్చులు కొత్త కాకపోయినా, ఇంత చిన్న అచ్చును చేతిలో పట్టుకుని చూడటం కొత్తగానే ఉంది.

అమ్మిన పెద్దాయన దీన్ని 1890ల నాటి ఐడియల్ కంపెనీ అచ్చు అనీ, న్యూ హేవెన్‌లో తయారైందనీ చెప్పారు. వాళ్ల నాన్నగారు దీన్ని ఎప్పుడూ ఐడియల్ అచ్చు అనే పిలిచేవారట. దిమ్మెల మీద తుప్పు ఎంత దట్టంగా ఉందంటే, ఒకప్పుడు అక్షరాలు ఉండిన చోటు ఎక్కడో కూడా కంటికి ఆనలేదు. ఆయన మాట నిజమో కాదో వస్తువునే అడిగి తేల్చుకోవాలన్నది ఈ ప్రాజెక్టు. దానితోపాటు ఒక అవసరం కూడా ఉంది. క్లబ్బులో కాగితపు గురుల మీద కాల్చే నా .44 స్పెషల్ (ఇది తూటా రకం పేరు) రివాల్వరుకు ఈ అచ్చు పనికొస్తుందా, పనికొస్తే దీనికి ఎవరి పిడులు, ఎవరి పలక సరిపోతాయి అన్నవి తయారీదారు తెలిస్తే తప్ప తేలవు.

ఇండియాలో చదివే మిత్రుల కోసం ఒక మాట. ఇక్కడ సొంత వాడకానికి బుల్లెట్లు పోసుకోవడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. వ్యాపారంగా చేస్తే మాత్రం 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. మన 1959 ఆయుధాల చట్టంలో మందుగుండుకు ఇచ్చిన నిర్వచనం దాని విడిభాగాలను, వాటిని తయారుచేసే యంత్రసామగ్రిని కూడా కలుపుకుంటుంది. కాబట్టి పాత ఇనుము దుకాణంలో ఇలాంటిది కనిపించినా ముచ్చటపడి ఇంటికి తెచ్చుకోవద్దు.

అదే వారం

శుభ్రం చేయడానికి ముందే తోసిపుచ్చగలిగినవన్నీ తోసిపుచ్చాను. అయస్కాంతం దిమ్మెలకు గట్టిగా అంటుకుంది. విస్కాన్సిన్‌లోని హార్ట్‌ఫోర్డ్ నుంచి వచ్చే లీ ప్రెసిషన్ అచ్చులు అల్యూమినియంవి కాబట్టి అవి పక్కకు పోయాయి. స్లొవేనియా నుంచి వస్తున్న ఎంపీ మోల్డ్స్ అనే కంపెనీ వారి ఇత్తడి అచ్చులు, పందొమ్మిదో శతాబ్దపు కోల్ట్ రివాల్వర్లతో పాటు ఇచ్చిన ఇత్తడి అచ్చులు కూడా అలాగే పోయాయి. మిగిలినవి ఇనుముతో చేసినవారి పేర్లు: ఐడియల్, దాన్ని కొన్న లైమన్, కాలిఫోర్నియాలోని ఆరోవిల్‌కు చెందిన ఆర్‌సీబీఎస్, అదే రాష్ట్రంలో మొదలై తర్వాత రెడింగ్ కంపెనీ చేతికి వెళ్లిన సేకో, శాన్ డియాగోలో మొదలై ఆరెగాన్‌కు మారిన హెన్స్‌లీ అండ్ గిబ్స్.

పిడులను చూసి తయారీదారును చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పద్ధతిని నేను నమ్మను. పిడి రెండు మరలతో ఊడి వస్తుంది. చెక్క కాలిపోయినా, పగిలినా యజమాని చేతికి దొరికిన మరో కంపెనీ పిడిని, అవసరమైతే కాస్త ఆకురాయి పట్టి, బిగించేసుకుంటాడు. స్ప్రూ ప్లేటు సంగతీ అంతే. ఈ అచ్చు పలక అంచు దిమ్మె అంచుతో కలవకుండా ఒక పక్క వెంట్రుకవాసి బయటికి ఉంది, పైగా దాని మర తల ఈ మధ్యకాలపు అలెన్ కీ రకం. అందువల్ల పిడులు, పలక ఇచ్చే సాక్ష్యాన్ని మొదటే కొట్టివేశాను. గుంట తొలిచి ఉన్నది దిమ్మెల్లో. వాటిని చేసినవారే ఈ అచ్చును చేసినవారు.

మార్చి, మూడో వారం

శుభ్రం చేయడం. తుప్పు వదిలించాలన్న ఆత్రంలో వైరు బ్రష్‌ను డ్రిల్లుకు తగిలించి రుద్దేస్తే దిమ్మెల బయటి ముఖం మెరుస్తుంది కానీ, అక్షరాల అంచులు శాశ్వతంగా పోతాయి. ఈ అచ్చుకు ఆ సత్కారం ఎవరో ఎప్పుడో కొంత చేసే ఉన్నారు. ఒక దిమ్మె వెలుపలి ముఖం మీద ఒకే దిశలో సన్నని గీతలు కనిపిస్తున్నాయి. నేను చొచ్చుకుపోయే నూనెలో దిమ్మెలను కొన్నాళ్లు నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో తోమి, కిరోసిన్‌తో కడిగాను. గుంట లోపల వెదురు పుల్ల కొన తప్ప ఇంకేదీ తాకనివ్వలేదు. గుంట గోడల మీద, దిమ్మెలు ఒకదానికొకటి ఆనే ముఖాల మీద ఒక వెయ్యోవంతు అంగుళం అరిగినా ఆ అచ్చు చెప్పగల కొలతలన్నీ అబద్ధమవుతాయి.

లోపలి ముఖాలు ఆశ్చర్యకరంగా బాగున్నాయి. గుంట నుంచి అంచు దాకా గాలి బయటికి పోవడానికి గీసిన సన్నని గీతలు చెక్కుచెదరలేదు, దిమ్మెలను సరిగ్గా కలిపి ఉంచే డోవెల్ పిన్నులు వదులు కాలేదు. సీసం పోసి వాడిన ప్రతిసారీ ఎవరో దీనికి నూనె రాసి పెట్టారనీ, తుప్పంతా దాని తర్వాత, అంటే ఆ మనిషి లేకుండా పోయాక పట్టిందనీ నా అనుమానం.

మార్చి, చివరి వారం

గుర్తులు చదివిన రోజు. పద్ధతి సులువైనదే. గదిలో దీపాలు ఆర్పి, టార్చిని దిమ్మె ముఖానికి దాదాపు సమాంతరంగా పెట్టి, కాంతి పక్కనుంచి గీసుకుంటూ పోయేలా నలుదిక్కుల నుంచీ ఫోటోలు తీశాను. ఎదురుగా పడే వెలుతురులో కనిపించని లోతు, ఇలా ఏటవాలుగా పడే వెలుతురులో నీడగా లేస్తుంది.

మొదట బయటపడినవి రెండు దిమ్మెల మీదా ఒకేలా ఉన్న చిన్న అంకెలు. అవి జత సంఖ్య. ఏ సగం ఏ సగంతో కలిపి తొలిచారో తారుమారు కాకుండా ఫ్యాక్టరీలో కొట్టేది. అవి రెండూ కలవడంతో, ఈ రెండు దిమ్మెలు పుట్టుకతోనే జత అనీ, ఎవరో రెండు అచ్చుల నుంచి చెరొక సగం తెచ్చి కలిపింది కాదనీ తేలింది. పాత అచ్చు కొనేవాళ్లు అన్నిటికన్నా ముందు చూడవలసింది ఇదేనని నా అభిప్రాయం.

ఆ తర్వాత, గీతలు పడ్డ ముఖం మీద 421 అనే మూడు అంకెలు స్పష్టంగా వచ్చాయి. ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. సేకో తన అచ్చులకు మూడంకెల సంఖ్యలే ఇచ్చేది. ఐడియల్, లైమన్ సంఖ్యలు సాధారణంగా ఆరంకెలు: మొదటి మూడు బుల్లెట్ వ్యాసాన్ని అంగుళంలో వెయ్యోవంతులుగా చెబుతాయి, చివరి మూడు ఆ నమూనా వరస సంఖ్య. 311291 అంటే .311 అంగుళాల వ్యాసం, 291వ నమూనా, 358156 అంటే .358 వ్యాసం, 156వ నమూనా. చివరి మూడంకెలు వ్యాసంతో నిమిత్తం లేకుండా నమూనాను అనుసరిస్తాయి కాబట్టే, ఒకే నమూనా వేరు వేరు వ్యాసాల్లో తొలిచినప్పుడు 308241, 311241 అని రెండు పేర్లతో కనిపిస్తుంది. నా ముందున్న 421 పూర్తి సంఖ్యా, లేక పెద్ద సంఖ్య తోకా అన్నదాని మీద తయారీదారు పేరు ఆధారపడి ఉంది.

జవాబు అంకెల మధ్య దూరం ఇచ్చింది. ఫోటోను తెర మీద పెద్దది చేసి 4కు 2కు, 2కు 1కి మధ్య దూరాన్ని కొలిచి, అదే దూరంతో 4కు ఎడమవైపు మూడు గీతలు గీశాను. ఆ మూడు చోట్లా, అంకెల పైభాగాలు అరిగిపోయినా, పాదాలు మిగిలి ఉన్నాయి. మొదటిచోట ఒంటి నిలువు కాలు, రెండోచోట చదునైన అడుగు గీత, మూడోచోట వంపు తిరిగిన తోక. కొనమీద అంకె ఉన్న ఉలితో సుత్తి దెబ్బ కొట్టినప్పుడు అడుగు పక్క కాస్త లోతుగా దిగడం వల్ల అవి బతికాయి. నిలువు కాలు 4కు, చదును అడుగు 2కు, తోక 9కి సరిపోతాయి. సంఖ్య 429421. సేకో పక్కకు తప్పుకుంది.

ఇంకా పైన, చెవిలో చెప్పినట్టు అస్పష్టంగా, ఐడియల్ అనే ఆంగ్ల పేరులోని చివరి మూడు అక్షరాలు కనిపించాయి. పెద్దాయన వాళ్ల నాన్నగారు అచ్చు మీద చదివే ఆ మాట అన్నారన్నమాట.

ఏప్రిల్, మొదటి వారం

పేరు, సంఖ్య దొరికాయి కదా అని ఇక్కడ ఆపలేదు. సంఖ్య ఒకటి, గుంట ఇంకొకటి అయిన అచ్చులు ఉంటాయి. వ్యాసం చాలలేదని యజమానులు గుంటను రాపిడి పిండితో పెద్దది చేసుకునే అలవాటు ఇక్కడ పాతదే. అందుకని గుంట ఆకారాన్ని కూడా సాక్ష్యానికి పిలవాల్సి వచ్చింది.

ముందు సెరోసేఫ్ అనే మిశ్రలోహం పోశాను. తుపాకీ గొట్టాల గదులను కొలవడానికి వాడే ఈ లోహం బిస్మత్, సీసం, తగరం, కాడ్మియంల కలయిక. 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్యలోనే కరుగుతుంది, అంటే వేడి నీళ్లలో ముంచిన గిన్నెలో కూడా కరిగించుకోవచ్చు. గట్టిపడ్డాక మొదటి అరగంటలో కొద్దిగా కుంచించుకుని, తర్వాత మెల్లగా వ్యాకోచిస్తూ గంటకు గుంట అసలు కొలతకు వస్తుంది. ఆ గంట తర్వాతే మైక్రోమీటరు పెట్టాలి. ఇందులో కాడ్మియం ఉంది కనుక వంటింటి గిన్నెలు, వంటింటి పొయ్యి దీనికి పనికిరావు. కారు షెడ్డులో, తలుపు ఎత్తి పెట్టి పని చేశాను.

పోత బయటికి వచ్చాక చూసిన ఆకారం ఇది: ముక్కు చివర వెడల్పుగా చదును, ముక్కు మొదట్లో నిలువు భుజం, దాని కింద తుపాకీ గొట్టం లోపలి గాట్లను పట్టుకునే మూడు పట్టీలు, మూడూ దాదాపు సమాన వెడల్పు, మొదటి పట్టీ కింద, తూటా గొట్టం మూతిని వంచి బిగించడానికి ఏటవాలు గాడి, ఆ తర్వాత గ్రీజు నింపే గాడి. పట్టీల వ్యాసం .431 అంగుళాలు, అంటే 10.95 మిల్లీమీటర్లు. దిమ్మెలు కలిసే రేఖ మీదా, దానికి లంబంగానూ కొలిచిన వ్యాసాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. చేతితో రాపిడి పెట్టి పెద్దది చేసిన గుంటలో సాధారణంగా పట్టీల అంచులు గుండ్రబడతాయి. ఇక్కడ అంచులు పదునుగా ఉన్నాయి. ఇది ఫ్యాక్టరీ తొలిచిన గుంటే.

ఎలా తొలిచారన్నది కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే కొలతల్లో తేడాలకు కారణం అదే. బుల్లెట్ ఆకారంలోనే, చుట్టూ పళ్లతో ఒక కట్టర్ చేస్తారు; దాన్ని ఇక్కడ చెర్రీ అంటారు. తిరుగుతున్న చెర్రీ మీదకు రెండు దిమ్మెలను ఇరుపక్కల నుంచి మెల్లగా మూస్తూ పోతే రెండు సగాల్లో ఒకేసారి గుంట పడుతుంది. చెర్రీ మొద్దుబారి మళ్లీ పదును పెట్టిన ప్రతిసారీ కొద్దిగా సన్నబడుతుంది, అందుకే ఒకే సంఖ్య ఉన్న రెండు అచ్చులు ఒకే వ్యాసం ఇవ్వకపోవచ్చు. మన ప్రెస్ టూళ్లలో పంచ్ అరిగే కొద్దీ జరిగేదీ ఇదే కాబట్టి టూల్‌రూములో పనిచేసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్, రెండో వారం

ఇక అసలు సీసం. 90 పాళ్ల సీసం, 5 పాళ్ల తగరం, 5 పాళ్ల ఆంటిమొని కలిపిన లోహాన్ని లైమన్ నంబర్ 2 అంటారు; కంపెనీ తన అచ్చుల బరువులను దాని ప్రకారమే చెబుతుంది. మన పాత అచ్చాఫీసుల్లో అక్షరాలు పోసినదీ ఈ మూడు లోహాలతోనే, పాళ్లు మాత్రం వేరు. ఇక్కడ మూతపడిన ప్రెస్సుల నుంచి వచ్చిన లైనోటైపు దిమ్మెల కోసం బుల్లెట్లు పోసేవాళ్లు ఇప్పటికీ వెతుక్కుంటారు. అచ్చు చల్లగా ఉన్నంతసేపూ ముడతలు పడిన పోతలే వచ్చాయి, దిమ్మెలు తగినంత వేడెక్కాక అంచులు నిండుగా వచ్చాయి. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడినా అది ఆవిరై లోహాన్ని మొహం మీదకు చిమ్ముతుంది గనుక కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, తోలు తొడుగులు తప్పవు. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా ఏదీ నోట్లో పెట్టుకోకూడదు.

బాగా నిండిన పోతలు తూచితే 247 గ్రెయిన్ల దగ్గర నిలిచాయి, గ్రాముల్లో 16. లైమన్ 429421కు ఆ లోహంతో చెప్పే బరువు 245 గ్రెయిన్ల ప్రాంతం. తగరం, ఆంటిమొని తగ్గి సీసం పెరిగితే బరువు పెరుగుతుంది. ఈ నమూనాను గీసిన ఎల్మర్ కీత్ 16 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపి 250 గ్రెయిన్లుగా వాడేవాడు. సంఖ్య, ఆకారం, వ్యాసం, బరువు నాలుగూ ఒకే మాట మీద ఉన్నాయి.

అయినా ఆకారం ఒక్కటే చూసి తయారీదారు పేరు చెప్పలేం. కీత్ తరహా .44 బుల్లెట్‌కు గిరాకీ ఎక్కువ కనుక దాదాపు అందరూ తొలిచారు: హెన్స్‌లీ అండ్ గిబ్స్‌లో అది 503, ఆర్‌సీబీఎస్‌లో 44-250-కె. వెలుతురును ఏటవాలుగా పట్టి చదివిన ఆ అరిగిన సంఖ్యే లేకపోతే నేను ఈపాటికి పట్టీల వెడల్పుల్లో తేడాలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాణ్ణి.

ఏప్రిల్, మూడో వారం

ఇక పెద్దాయన చెప్పిన కాలం సంగతి. ఐడియల్ తయారీ కంపెనీని జాన్ బార్లో 1884లో న్యూ హేవెన్‌లో ప్రారంభించాడు. 1910లో దాన్ని మార్లిన్ తుపాకుల కంపెనీ కొన్నది. తర్వాత ఇంకో చేయి మారి 1925లో, కనెటికట్‌లోనే మిడిల్‌ఫీల్డ్‌లో ఉన్న లైమన్ గన్ సైట్ కంపెనీకి వచ్చింది. తుపాకీ గురి పరికరాలతో పేరు తెచ్చుకున్న లైమన్, వినియోగదారులకు అలవాటైన ఐడియల్ పేరును చెరిపేయలేదు. చాలాకాలం అచ్చుల మీద అదే కొట్టింది. కాబట్టి దిమ్మె మీద ఐడియల్ అని ఉన్నంత మాత్రాన అది న్యూ హేవెన్ సరుకని అనడానికి వీల్లేదు. పేరు నిలిచింది, కార్ఖానా మారింది.

కాలాన్ని తేల్చేది వరస సంఖ్య. కొందరు క్యాలిబరును (తూటా కొలతను) పట్టుకుని వాదిస్తారు: .44 స్పెషల్ తూటా 1900ల తొలి దశకం చివర వచ్చింది గనుక 1890లలో దాని అచ్చు ఉండదని. ఆ వాదన నిలవదు. అదే వ్యాసం ఉన్న .44 రష్యన్ తూటా అప్పటికే దశాబ్దాలుగా వాడుకలో ఉంది, దానికి ఐడియల్ అచ్చులు అమ్మింది. 421 అనే నమూనా మాత్రం కీత్‌ది. పశువుల మందల మధ్య బతుకుతూ రివాల్వర్ల గురించి పత్రికలకు రాసిన ఈ మనిషి, 1928 ప్రాంతంలో .44 స్పెషల్ కోసం దీన్ని గీశాడు. దీని చుట్టూ ఉన్న సంఖ్యలు చూడండి: 452423, 454424, 358429. ఇవన్నీ కూడా ఆయన నమూనాలే, ఒకే దొంతరలో పడ్డాయి. వరస సంఖ్యలు నమూనాలు చేరిన క్రమంలో పెరుగుతూ వచ్చినవి కనుక 421ని ఆ గుంపు నుంచి విడదీసి 1890లకు తీసుకుపోవడం కుదరదు. 1925లోనే ఐడియల్ లైమన్ చేతికి వచ్చింది గనుక 429421 సంఖ్య ఉన్న ఐడియల్ అచ్చు ఏదైనా లైమన్ చేసినదే. పెద్దాయన వాళ్ల నాన్నగారు చదివిన పేరు సరైనదే. దానికి న్యూ హేవెన్‌ను, 1890లను తర్వాత ఎవరో అతికించారు.

మరి లైమన్ కాలంలో ముందుదా, తర్వాతిదా? దానికి గ్రీజు గాడి సాక్ష్యం చెబుతుంది. కీత్ గీసిన గాడికి అడుగు చదును, గోడలు నిటారు. గ్రీజు ఎక్కువ పట్టాలన్నది ఆయన ఉద్దేశం. తర్వాతి కాలంలో లైమన్ దాన్ని గుండ్రటి అడుగున్న గాడిగా మార్చింది, మొదటి పట్టీనీ సన్నబరిచింది. తన నమూనాను పాడుచేశారని కీత్ రాతల్లో బహిరంగంగానే విసుక్కున్నాడు. గుండ్రటి గాడి నుంచి బుల్లెట్ సులువుగా రాలుతుంది, చెర్రీ కూడా ఎక్కువకాలం మన్నుతుంది కాబట్టి తయారుచేసేవాడి వైపు నుంచి చూస్తే ఆ మార్పులో న్యాయం లేకపోలేదనే నేను అంటాను. అయితే కీత్ కాల్చేవాడు, ఆయనకు చెర్రీ ఖర్చుతో పనిలేదు. నా పోతలో గాడి అడుగు చదునుగా ఉంది. మొదటి పట్టీ మిగతా రెండింటితో సమానంగా ఉంది. మార్పుకు ముందు కట్టర్‌తో తొలిచిన అచ్చు ఇది. .44 మాగ్నమ్ తూటా 1955లో రాకముందు ఈ నమూనాను కొన్నవాళ్లు ఎక్కువగా కీత్ వ్యాసాలు చదివిన .44 స్పెషల్ అభిమానులే. దీని మొదటి యజమాని కూడా ఆ కోవలోనివాడే అని నా ఊహ.

ఏప్రిల్, చివరి ఆదివారం

సంతకు వెళ్లి పెద్దాయనకు పోతను, ఫోటోలను చూపించాను. 1890లు పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు, వాళ్ల నాన్నగారు .44 స్పెషల్ రివాల్వరే వాడేవారని చెప్పి, బుల్లెట్లకు గ్రీజు పూసే పాత ప్రెస్సు ఒకటి ఇంట్లో ఉంది, వచ్చే వారం తెస్తానన్నారు.

నా పనిముట్ల రిజిస్టరులో ఇలా రాసుకున్నాను: ‘లైమన్, మిడిల్‌ఫీల్డ్, ఐడియల్ ముద్ర, 429421, ఒంటి గుంట, చదును అడుగు గ్రీజు గాడి, జత సంఖ్య రెండు దిమ్మెల మీదా సరిపోయింది, పిడులు, స్ప్రూ ప్లేటు వేరే చోటి నుంచి వచ్చినవి.’ లైమన్ ఒంటి గుంట దిమ్మెలు రెండు గుంటల వాటికన్నా సన్నగా ఉంటాయి కాబట్టి వాటికి సరిపడే చిన్న పిడులే వెతకాలి. పలకను మాత్రం కొనను. నాలుగు మిల్లీమీటర్ల ఉక్కు రేకులో కోసి, రంధ్రాన్ని కౌంటర్‌సింక్ చేసి, అడుగు ముఖాన్ని సర్ఫేస్ ప్లేటు మీద రుద్ది సమం చేసుకుంటాను. రివాల్వరు సిలిండరు గదుల మూతులు .432 చూపిస్తున్నాయి గనుక .431 పోతను సైజు తగ్గించకుండానే వాడవచ్చు. ముందు పలక అవ్వాలి.